నగల పని నేర్చుకునేవారికి బంగారు, వెండి మిశ్రమాలు: లెక్క, కరిగింపు, టంకం

మేలిమి బంగారంతో ఉంగరం చేయడం కష్టమేమీ కాదు, దానిని ఉంగరంగా నిలపడమే కష్టం. వేయింట 999 పాళ్ల స్వచ్ఛత ఉన్న బంగారం ఎంత మెత్తగా ఉంటుందంటే, రోజూ ధరించే ఉంగరం కొన్నాళ్లకే గుండ్రదనం కోల్పోతుంది, రాయిని పట్టి ఉంచవలసిన కాళ్లు తెరుచుకుంటాయి, సన్నని గొలుసు వలయాలు సాగిపోతాయి. మేలిమి వెండి సంగతీ అంతే. వీటికి కొద్దిపాటి రాగి చేర్చగానే గట్టిదనం వస్తుంది, ఎందుకంటే పరిమాణంలో చిన్నవైన రాగి పరమాణువులు బంగారు పరమాణువుల వరుసల్లో చేరి, ఆ వరుసలు ఒకదానిపై మరొకటి సులువుగా జారకుండా అడ్డుపడతాయి. వెండి పరమాణువు మాత్రం దాదాపు బంగారు పరమాణువంతే ఉంటుంది. అందువల్ల వెండి ఒక్కటే కలిపిన బంగారానికి రంగు మారినంతగా గట్టిదనం రాదు.

మిశ్రమాన్ని దుకాణంలో సిద్ధంగా కొనకుండా స్వయంగా కలపాలనుకునే కొత్తవారికి నా మొదటి సలహా, బంగారం జోలికి పోకుండా వెండితో మొదలుపెట్టమని. ధర ఒక్కటే ఇందుకు కారణం కాదు. కరిగిన వెండి గాలిని పీల్చుకుంటుంది, అందులోని రాగి నల్లబడుతుంది, టంకం, అంటే ముక్కలను అతికించే లోహం పెట్టేటప్పుడు మంట కాస్త ఎక్కువైతే వస్తువే కూలిపోతుంది. ఇన్ని విధాలుగా సతాయించే లోహంతో చేయి తిరిగినవారికి 22 క్యారెట్ల బంగారం సాధువుగానే తోస్తుంది.

లెక్క ముందు, నిప్పు తరువాత

క్యారెట్ అంటే 24 పాళ్లలో బంగారం ఎన్ని పాళ్లు ఉన్నదో చెప్పే కొలత. దానినే వేయింటికి లెక్కిస్తే 22 క్యారెట్లకు 916, 18 క్యారెట్లకు 750, 14 క్యారెట్లకు 585 అని హాల్‌మార్క్ ముద్రలో కనిపిస్తుంది. 2025లో 9 క్యారెట్ల బంగారం, అంటే 375 కూడా మన దేశపు హాల్‌మార్క్ పరిధిలోకి వచ్చింది. వెండి నగలకు ఎక్కువగా వాడేది 925, అంటే స్టెర్లింగ్ వెండి: వేయింట 925 పాళ్లు వెండి, మిగిలిన 75 పాళ్లు సాధారణంగా రాగి. బజారులో టంచ్ అని అడిగేది ఈ స్వచ్ఛత గురించే.

లెక్క చాలా సులువైనది. చేతిలో ఉన్న లోహం బరువును దాని స్వచ్ఛతతో గుణించి, మనకు కావలసిన స్వచ్ఛతతో భాగిస్తే తయారు కావలసిన మిశ్రమం మొత్తం బరువు వస్తుంది. అందులోంచి మొదటి బరువు తీసివేస్తే కలపవలసిన లోహం ఎంతో తెలుస్తుంది. 999 వెండి 50 గ్రాములు ఉంటే అందులో అసలు వెండి 49.95 గ్రాములు. దానిని 0.925తో భాగిస్తే 54 గ్రాములు వస్తుంది కనుక 4 గ్రాముల రాగి చేర్చాలి. మొదటి కరిగింపుకు ఈ పరిమాణమే బాగుంటుంది. అంతకంటే తక్కువైతే మూసలో, అంటే లోహం కరిగించే పాత్రలో త్వరగా గడ్డకడుతుంది, ఎక్కువైతే చిన్న మంట చాలదు.

బంగారం దగ్గర కొత్తవారు తప్పుచేసేది లెక్కలో కాదు, మొదటి అంకెలో. బిస్కెట్ మీద 995 అని ఉంటే దానిని మేలిమిగా భావించి లెక్కవేస్తారు. 10 గ్రాముల 999 మేలిమికి 0.906 గ్రాములు కలిపితే 916 వస్తుంది గాని, అదే 995 బంగారానికి అంతే కలిపితే స్వచ్ఛత 912 దగ్గర ఆగిపోతుంది. నిజానికి అక్కడ కలపవలసింది 0.862 గ్రాములే. భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) ప్రమాణంలో తక్కువవైపు మినహాయింపు లేదు కనుక ఆ నగ హాల్‌మార్క్ కేంద్రం నుంచి తిరిగివస్తుంది. అందుకని 916 కావాలనుకున్నప్పుడు 918కి గురిపెట్టి లెక్కవేయడం మంచిది. 999 బంగారం 10 గ్రాములకు 0.88 గ్రాములు చేర్చితే అది సరిపోతుంది. వెండికి నూరో వంతు గ్రాము వరకు చూపే తరాజు చాలు, బంగారానికి వెయ్యో వంతు వరకు చూపేది కావాలి.

స్వచ్ఛత దించడం ఎంత తేలికో పెంచడం అంత ఖరీదు. 18 క్యారెట్ల లోహం 10 గ్రాములను 22 క్యారెట్లకు తేవాలంటే 999 బంగారం 20 గ్రాములు కలపవలసి వస్తుంది. కాబట్టి పొరపాటున ఎక్కువ రాగి పడిన ముద్దను సరిదిద్దే ప్రయత్నం చేయకుండా, దానిని తక్కువ క్యారెట్ పనికి ఉంచుకోవడమే లాభం.

ఏ రంగుకు ఏ లోహం

22 క్యారెట్లలో ఇతర లోహాలకు దొరికే చోటు నూటికి ఎనిమిది పాళ్ల పైచిలుకు మాత్రమే. అందులో రాగి ఒక్కటే వేస్తే ఛాయ ఎర్రబడి లోహం గట్టిగా ఉంటుంది, వెండి పాలు పెరిగేకొద్దీ లేత పసుపుకు తిరిగి మెత్తబడుతుంది. చెరిసగం వేస్తే మన కళ్లకు అలవాటైన పసుపు వస్తుంది. కొత్తవారు అక్కడి నుంచే మొదలుపెట్టి, తరువాత తమ అభిరుచిని బట్టి మార్చుకోవచ్చు.

అసలు వైవిధ్యం 18 క్యారెట్లలో కనిపిస్తుంది, ఎందుకంటే నాలుగో వంతు లోహం మన చేతిలో ఉంటుంది. నూటికి 75 పాళ్ల బంగారానికి వెండి 12.5, రాగి 12.5 పాళ్లు కలిపితే నిండు పసుపు. వెండిని 9కి తగ్గించి రాగిని 16కు పెంచితే గులాబి ఛాయ. వెండి 4.5, రాగి 20.5 అయితే స్పష్టమైన ఎరుపు. రాగి లేకుండా 25 పాళ్లూ వెండే వేస్తే ఆకుపచ్చ జాడ ఉన్న లేత పసుపు. ఈ నాలుగింటికీ ముద్ర మీద ఉండేది 750 అనే అంకే, కాని రంగులోను, సుత్తి కింద నడవడిలోను, చల్లార్చే పద్ధతిలోను ఒకదానికి ఒకటి పోలిక ఉండదు. ఎరుపు మిశ్రమం చేసేవారు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. రాగి ఎక్కువగా ఉన్న 18 క్యారెట్ల బంగారం నెమ్మదిగా చల్లబడితే, సుమారు 400 డిగ్రీల దిగువన దాని పరమాణువులు ఒక క్రమంలో సర్దుకొని లోహం గట్టిపడి పెళుసెక్కుతుంది. ఎర్రని కాక తగ్గీ తగ్గకముందే నీటిలో ముంచితే ఈ బాధ తప్పుతుంది.

తెల్ల బంగారం జోలికి మొదట్లో పోవద్దు. పసుపును అణచడానికి అందులో నికెల్ గాని పల్లాడియం గాని కలుపుతారు. నికెల్ కలిపినది మొండిగా ఉండి సులువుగా పగులుతుంది, పైగా కొందరి చర్మానికి దురదలు, దద్దుర్లు తెస్తుంది. పల్లాడియం ఖరీదైనది, దానిని కరిగించడానికి చాలా ఎక్కువ వేడి కావాలి. దుకాణాల్లో మెరిసిపోయే తెల్లదనం చాలావరకు పైన వేసిన రోడియం పూతదే. తెల్ల బంగారపు వస్తువు చేయవలసి వస్తే మిశ్రమాన్ని సిద్ధంగా కొనడం మేలు.

వెండి విషయంలో రెండు మాటలు చెప్పాలి. పూజా సామగ్రి దుకాణాల్లో జర్మన్ సిల్వర్ పేరుతో అమ్మే లోహంలో వెండి అసలే ఉండదు. అది రాగి, నికెల్, జింక్‌ల మిశ్రమం. దానిని వెండి ముక్కలతో కలిపి కరిగించినవారికి దక్కేది పనికిరాని ముద్ద. రెండోది, ప్రతి పనికీ 925 అవసరం లేదు. కరీంనగర్ ఫిలిగ్రీ పనివారు వెంట్రుకల్లాంటి తీగలను పెనవేసి, చుట్టలు చుట్టి, చట్రాల్లో అమర్చి అతికిస్తారు. అలా వంగవలసిన తీగకు మెత్తదనమే బలం కనుక అక్కడ మేలిమికి దగ్గరైన వెండే తగినది. రాగి లేని తీగ మంటలో నల్లబడకపోవడం అదనపు లాభం. ఉంగరాలకు, కడియాలకు, కొక్కేలకు మాత్రం 925 కావాలి.

కరిగించడం

పాత పట్టీలతోను, విరిగిన గొలుసులతోను మొదటి ప్రయోగం చేయకండి. వాటి టంచ్ తెలియదు, వాటిలోని టంకంలో ఏమున్నదో అసలే తెలియదు. సీసం, తగరం లాంటివి అత్యల్పంగా చేరినా బంగారం సుత్తి దెబ్బకు చిట్లిపోతుంది. 999 వెండి గుళికలు, పైపూత లేని శుభ్రమైన రాగి తీగ తీసుకోండి. మోటార్ల చుట్టల్లోని తీగకు వార్నిష్ పూత ఉంటుంది, నీటి గొట్టాల ముక్కలకు తగరపు అతుకులు ఉండవచ్చు. అవి పనికిరావు. రాగిని గరుకు కాగితంతో రుద్ది, కడిగి, ఆరబెట్టి చిన్న ముక్కలుగా కత్తిరించాలి.

గాలి ఆడే చోటు, నూలు బట్టలు, తోలు ఏప్రాన్, ముదురు కళ్లద్దాలు, దగ్గరలో ఇసుక బకెట్టు లేకుండా మంట వెలిగించకూడదు. నైలాన్, పాలిస్టర్ బట్టల మీద నిప్పురవ్వ పడితే అవి కరిగి ఒంటికి అతుక్కుంటాయి. కరిగిన లోహానికి నీటిచుక్క తగిలితే అది ఒక్కసారిగా ఆవిరై లోహాన్ని చిమ్ముతుంది కనుక, చల్లార్చే నీటి తొట్టి పోత జరిగే చోటికి దూరంగా ఉండాలి.

కొత్త మూసను ముందుగా వేడిచేసి, లోపలంతా వెలిగారం (బోరాక్స్) చల్లి, అది కరిగి గాజు పొరలా అంటుకునేదాకా తిప్పాలి. ఈ పొర లేకపోతే మూస గరుకు సందుల్లో లోహపు బొట్లు చిక్కుకుంటాయి. వెండికి ఒక మూస, బంగారానికి మరొక మూస కేటాయించి వాటిని ఎన్నడూ మార్చుకోవద్దు.

వెండి 962 డిగ్రీల సెల్సియస్ వద్ద, బంగారం 1064 వద్ద, రాగి 1085 వద్ద కరుగుతాయి. అయినా రాగిని కరిగించడానికి 1085 దాకా పోనక్కరలేదు. ముందుగా వెండిని కరిగించి అందులో రాగి ముక్కలు వేస్తే, నీటిలో ఉప్పులా అవి ఆ ద్రవంలో కరిగిపోతాయి. అలా చేస్తే రాగి మంటకు నేరుగా గురికాదు కనుక నల్లబడేదీ తక్కువే. బంగారంలోనూ ఇదే వరుస పాటించవచ్చు. జింక్ కలపవలసి వస్తే చిట్టచివర వేయాలి, ఎందుకంటే అది 907 డిగ్రీలకే మరిగి తెల్లని పొగగా పోతుంది. ఆ పొగ పీలిస్తే జ్వరం వస్తుంది.

మంటలో ఆక్సిజన్ ఎక్కువై బుస కొట్టకూడదు. మెత్తగా, వెడల్పుగా, కాస్త పసుపు అంచుతో ఉండాలి. కరిగిన వెండి తన ఘనపరిమాణానికి దాదాపు ఇరవై రెట్ల ఆక్సిజన్‌ను తనలో ఇముడ్చుకొని, గడ్డకట్టే క్షణంలో దానిని కక్కుతుంది. పోత మీద కనిపించే బొబ్బలకు, చిల్లులకు మూలం అదే. చిటికెడు బొగ్గుపొడి పైన చల్లి, మంటను చివరిదాకా లోహం మీదే నిలిపితే ఈ దోషం చాలావరకు తగ్గుతుంది. గ్రాఫైట్ కడ్డీతో కలియబెట్టాలి. తళతళలాడుతూ, మూసను కదిపితే పాదరసంలా దొర్లేదాకా ఆగాలి. స్టెర్లింగ్ వెండి 800 డిగ్రీల దగ్గర మెత్తబడడం మొదలై, పూర్తిగా ద్రవం కావడానికి 890 దాటుతుంది. ఆ మధ్యలో పోస్తే గడ్డలు గడ్డలుగా పడుతుంది. పూర్తిగా కరిగిన తరువాత మరికాస్త కాక పట్టనిచ్చి, ముందుగా వేడిచేసి లోపల పల్చగా నూనె రాసిన ఇనుప అచ్చులో ఆపకుండా ఒకే ధారగా పోయాలి. అచ్చు చల్లగా ఉంటే లోహం మడతలు పడుతుంది, తడిగా ఉంటే ఎగిరి మీద పడుతుంది.

కడ్డీ చల్లారాక తూచండి. 54 గ్రాములు వేస్తే 54కు దగ్గరగా రావాలి. తేడా ఎక్కువగా ఉంటే మూసలో బొట్లు మిగిలాయని అర్థం.

సాగదీయడం, కాల్చి మెత్తబరచడం

సుత్తితో కొట్టినా, రోలింగ్ మిషనులో నొక్కినా, కమ్మచ్చు అనే చిల్లుల పలకలో తీగ లాగినా లోహం క్రమంగా బిరుసెక్కుతుంది. మందం సగానికి తగ్గేసరికి ఒకసారి కాల్చి మెత్తబరచాలి. ఇంకొక్కసారి నొక్కుదామన్న ఆశ అంచుల్లో పగుళ్లుగా బయటపడుతుంది. స్టెర్లింగ్ వెండిని సుమారు 600 నుంచి 650 డిగ్రీల దాకా వేడిచేస్తే చాలు. ఎండ పడే చోట ఈ కాక కంటికి కనిపించదు కనుక, మసక వెలుతురులో కూర్చొని లోహం మీద లేత ఎరుపు జాడ తోచగానే మంట తీసి, ఎరుపు పోయాక నీటిలో ముంచాలి. పసుపు బంగారానికీ దాదాపు ఇంతే కాక సరిపోతుంది. మరీ ఎక్కువసేపు కాలిస్తే లోహపు రేణువులు పెరిగి, వంచినప్పుడు పైభాగం నారింజ తొక్కలా గరుకెక్కుతుంది.

ప్రతిసారీ కాల్చిన తరువాత పైన నల్లని పొర ఉంటుంది. నీటిలో పదో వంతు సల్ఫ్యూరిక్ ఆమ్లం కలిపిన గోరువెచ్చని ద్రావణంలోగాని, మరిగించిన పటిక నీటిలోగాని వేస్తే అది వదులుతుంది. ఎప్పుడూ నీటిలోకే ఆమ్లం పోయాలి, ఆమ్లంలోకి నీరు పోయకూడదు. ఇంట్లో పనిచేసేవారికి పటికే క్షేమం. ఆలస్యం తప్ప మరో లోపం లేదు. ఇనుప పటకారు ద్రావణంలో పెడితే నగ మీద రాగి పూత పడుతుంది కనుక రాగిదో ప్లాస్టిక్‌దో వాడాలి.

925 వెండికి ఇంతకంటే మొండి మచ్చ ఒకటుంది. కాల్చినప్పుడల్లా ఆక్సిజన్ లోపలికి చొరబడి రాగితో కలిసి, పైపొర కింద ఊదారంగు నీడలా నిలుస్తుంది. ఆమ్లానికి అది పోదు, మెరుగుపెట్టిన తరువాతే కనిపించి పనివాడిని ఉసూరుమనిపిస్తుంది. టంకానికి ముందు వస్తువును బోరిక్ ఆమ్లం కలిపిన స్పిరిట్‌లో ముంచి, సీసాకు దూరంగా, వస్తువుకు అంటిన స్పిరిట్‌ను మండించి ఆర్పితే తెల్లని రక్షక పొర ఏర్పడుతుంది. స్పిరిట్ సీసాకు మూత పెట్టి పక్కకు తీసిన తరువాతే నిప్పు తేవాలి.

టంకం

టంకం కూడా మిశ్రమమే. వస్తువు కంటే ముందుగా కరగాలి, అయినా టంచ్‌లో వీలైనంత దగ్గరగా ఉండాలి. వెండికి 75 పాళ్లు వెండి, 22 రాగి, 3 జింక్ ఉన్నది గట్టి టంకం. 70, 20, 10 పాళ్లు ఉన్నది మధ్యరకం. 65, 20, 15 ఉన్నది సులభంగా కరిగేది. ఒకే వస్తువుకు అనేక అతుకులు ఉంటే ఈ వరుసలోనే వాడతారు, లేకపోతే రెండో అతుకు పెట్టేటప్పుడు మొదటిది విడిపోతుంది. మంటను టంకం మీద కాకుండా చుట్టూ ఉన్న వస్తువు మీద తిప్పాలి. టంకం ఎప్పుడూ వేడిగా ఉన్న వైపుకే పరుగెడుతుంది. గట్టి టంకం కరిగే వేడికి, 800 దగ్గర మెత్తబడే స్టెర్లింగ్‌కు మధ్య దూరం చాలా తక్కువ. టంకం మెరుస్తూ సందులోకి జారిన మరుక్షణమే మంట తీయాలి.

బంగారానికి టంకం స్వయంగా కలపకుండా అదే క్యారెట్ టంకాన్ని, కాడ్మియం లేనిదిగా చూసి కొనండి. ఒకప్పుడు కేడీఎం నగల పేరుతో ప్రచారమైనది కాడ్మియం టంకమే. అతుకు దగ్గర స్వచ్ఛత తగ్గకుండా చూసేందుకు దానిని తెచ్చారు, పని కూడా చాలా నున్నగా వచ్చేది. కాని కాడ్మియం 767 డిగ్రీలకే మరిగి పొగగా మారుతుంది. ఆ పొగ పనివారి ఊపిరితిత్తులను, మూత్రపిండాలను పాడుచేసింది. ఏ దుకాణదారు ఎంత మెచ్చుకున్నా దానిని పని బల్ల మీదికి రానీయవద్దు.

సరిచూసుకోవడం

బంగారు వస్తువు చేయబోయే ముందు అదే నమూనాను వెండితో చేసి తూచడం మంచి అలవాటు. స్టెర్లింగ్ సాంద్రత సుమారు 10.4, పసుపు 18 క్యారెట్ల బంగారం సాంద్రత 15.5 దరిదాపు, 22 క్యారెట్లది 17.8 దరిదాపు. కాబట్టి 3 గ్రాముల వెండి ఉంగరం అదే కొలతతో 18 క్యారెట్లలో సుమారు నాలుగున్నర గ్రాములు, 22 క్యారెట్లలో ఐదు గ్రాముల పైచిలుకు అవుతుంది. ఎంత లోహం కరిగించాలో ఈ లెక్కతోనే తెలుస్తుంది. తరుగుకు మరికొంత కలుపుకోవాలి.

గీటురాయి మీద తెలిసిన టంచ్ కడ్డీ పక్కన గీసి పోల్చడం నేర్చుకోదగిన విద్యే, కాని దానికి అలవాటుపడిన కన్ను కావాలి. దుకాణాల్లోని క్యారెట్ మీటర్ ఎక్స్‌రే కిరణాలతో పైపొరను మాత్రమే చదువుతుంది. ఆమ్లంలో పదేపదే వేసిన నగ పైపొరలో రాగి తగ్గిపోయి ఉంటుంది గనుక అంకె అసలు కంటే ఎక్కువ చూపవచ్చు. అందుచేత నగను కాకుండా, పోత కడ్డీ కొనను కత్తిరించి ఆ కోసిన ముఖాన్ని చూపించండి. అమ్మకానికి చేసేవారికి హాల్‌మార్క్ నియమాలు వేరుగా ఉన్నాయి. 2023 ఏప్రిల్ 1 నుంచి హాల్‌మార్క్ బంగారు నగల మీద ఆరు అక్షరాంకెల హెచ్‌యూఐడీ, అంటే ఆ నగకే ప్రత్యేకమైన గుర్తింపు సంఖ్య ఉండాలి.

ఆకురాయి పట్టగా రాలిన రజను ఏ టంచ్‌దైతే ఆ టంచ్ డబ్బాలోనే పడాలి. టంకం కలిసిన పొడికి ఇంకో డబ్బా ఉండాలి. మళ్లీ కరిగించే ముందు ఆ పొడిలో అయస్కాంతం తిప్పితే ఆకురాయి నుంచి ఊడిన ఇనుప నలుసులు బయటికి వస్తాయి. ఆ తరువాత పల్చని కాగితంలో గట్టిగా చుట్టి, వెలిగారం చల్లి మూసలో పెడితే మంట గాలికి పొడి ఎగిరిపోకుండా ముద్ద కడుతుంది. ఆ ముద్ద టంచ్ చూపించుకున్న తరువాతే దానిని కొత్త లోహంలో కలపాలి.